మొదటి టెలిస్కోప్, మొదటి మౌంట్: వరంగల్ వైపు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండ, కరీంనగర్, ములుగు, మంచిర్యాల వైపు నుంచి టెలిస్కోప్ కొనాలనుకునేవాళ్లు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మేలని ఇది రాస్తున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్తాను. మొదటిసారి కొనేవాళ్లు గొట్టం గురించి ఎంత ఆలోచిస్తారో, దాన్ని మోసే మౌంట్ గురించి అంతకు రెట్టింపు ఆలోచించాలి.

## కొనాలా వద్దా అనుకుంటున్నప్పుడు

నాకు ఒక్క నక్షత్రం పేరు కూడా తెలియదు. ఇప్పుడే టెలిస్కోప్ కొనొచ్చా?

కొనొచ్చు. కానీ ఒకటి రెండు నెలలు ఉత్త కళ్లతో ఆకాశం చూసి కొంటే డబ్బుకు తగిన ఫలితం ఉంటుంది. టెలిస్కోప్‌లో కనిపించేది ఆకాశంలో చాలా చిన్న ముక్క. ఆ ముక్క ఎక్కడుందో మీకు తెలిస్తేనే గొట్టాన్ని అటు తిప్పగలరు.

మనకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఇంట్లో గోడ క్యాలెండర్ తీసి చూడండి. ఈ రోజు రోహిణి అని ఉంటే, ఈ రాత్రి చంద్రుడు రోహిణి చుట్టుపక్కల ఉన్నాడని అర్థం. చంద్రుడి దగ్గర్లో ఎర్రగా మెరిసే పెద్ద నక్షత్రమే రోహిణి. మఖ, చిత్త, జ్యేష్ఠ కూడా ఇలాగే గుర్తుపట్టొచ్చు. డిసెంబర్ రాత్రి తూర్పు వైపు చూస్తే చిన్న గుంపుగా కృత్తికలు, దాని కింద రోహిణి, ఇంకా కిందికి ఆర్ద్ర కనిపిస్తాయి. పల్లెల్లో పెద్దవాళ్లను అడిగితే కృత్తికలను పిల్లలకోడి అని చూపిస్తారు. ఫోన్‌లో స్టెల్లేరియం యాప్ వేసుకుంటే మిగతావి అదే చెప్తుంది.

బైనాక్యులర్ చాలని కొందరు అంటారు. నిజమేనా?

బడ్జెట్ పది వేల లోపు ఉంటే నిజమే. 7x50 లేదా 10x50 తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెప్తుంది, రెండోది ముందు లెన్స్ వెడల్పు మిల్లీమీటర్లలో. చేతులు వణికేవాళ్లకు 7x50 నయం. చంద్రుడి మీద పెద్ద గుంతలు, గురుగ్రహం పక్కన చిన్న చుక్కల్లా ఉపగ్రహాలు, కృత్తికల్లో కంటికి కనపడని పదుల నక్షత్రాలు ఇందులో చూడొచ్చు. వృశ్చికం తోక దగ్గర, మూల నక్షత్రం పక్కన ఉండే గుంపులకైతే చాలా టెలిస్కోప్‌ల కంటే బైనాక్యులరే అందంగా ఉంటుంది.

శని వలయం మాత్రం కనిపించదు. దానికి టెలిస్కోప్ కావాల్సిందే. ‘జూమ్’ అని రాసి ఉన్న బైనాక్యులర్లు తీసుకోకండి.

హనుమకొండలో మా డాబా మీద నుంచి ఏమైనా కనిపిస్తుందా? ఊరి బయటికి పోవాల్సిందేనా?

చంద్రుడు, గురుడు, శని, శుక్రుడు, కుజుడు, జంట నక్షత్రాలు వీధి దీపాలను పెద్దగా పట్టించుకోవు. సుబేదారిలో అయినా కాజీపేటలో అయినా డాబా మీదే హాయిగా చూడొచ్చు. నెబ్యులాలు (అంతరిక్షంలోని వాయు మేఘాలు), గెలాక్సీలు, పాలపుంత అలా కాదు. వాటికి చీకటి కావాలి. 130 మిల్లీమీటర్ల టెలిస్కోప్ పట్టుకుని చీకటి ఊరికి పోయినవాళ్లు చూసే గెలాక్సీ, ఊరి మధ్యలో 200 మిల్లీమీటర్ల టెలిస్కోప్‌కు కూడా దక్కకపోవచ్చు.

వరంగల్ నుంచి తూర్పుకు, ఈశాన్యానికి పోయేకొద్దీ చీకటి చిక్కబడుతుంది. నర్సంపేట దాటిన పల్లెలు, ములుగు, రామప్ప వైపు పల్లెలు బాగుంటాయి. భూపాలపల్లి, రామగుండం దగ్గర మాత్రం థర్మల్ ప్లాంట్ల వెలుగు ఆకాశంలో చాలా దూరం కనిపిస్తుంది. పాకాల, ఏటూరునాగారం అడవుల చీకటి చూసి లోపలికి పోవాలనిపిస్తుంది. అవి అభయారణ్యాలు, ఎలుగుబంట్లు తిరిగే చోట్లు. రాత్రిపూట వాటి లోపల ఉండే ఆలోచన పెట్టుకోకండి.

అన్నిటికంటే మంచి చోటు మీ సొంత ఊరు, లేదా అత్తగారి ఊరు. కల్లం దగ్గరో మామిడితోట పక్కనో తెలిసినవాళ్ల నేల ఉంటుంది, రాత్రి ఎవరో వచ్చారని ఎవరూ కంగారుపడరు. పాములు తిరిగే కాలంలో బూట్లు వేసుకోండి.

ఏ నెలలో కొంటే మంచిది?

అక్టోబర్ చివర నుంచి మార్చి దాకా మన ఆకాశం బాగుంటుంది. అక్టోబర్‌లో చేతికి వచ్చేలా చూసుకోండి. జూన్‌లో కొంటే సెప్టెంబర్ దాకా మబ్బులు చూస్తూ కూర్చోవాలి, ఈలోపు ఉత్సాహం చల్లబడుతుంది. వరి కోతల తర్వాత గడ్డి, పత్తి కట్టె కాల్చే రోజుల్లో పొగ వల్ల ఆకాశం అంచులు మసకబారతాయి. అలాంటప్పుడు నడినెత్తి మీద ఉన్నవి చూడండి.

ఫొటోల్లో ఉన్నట్టు రంగులు కనిపిస్తాయా?

కనిపించవు. కెమెరా నిమిషాల తరబడి వెలుగు పోగుచేస్తుంది, మన కన్ను అలా చేయలేదు. మృగశిర, ఆర్ద్ర ఉన్న ఓరియన్ మండలంలోని నెబ్యులా కంటికి బూడిద రంగు పొగలా, రెక్కలు విప్పినట్టు ఉంటుంది. ఆండ్రోమెడా గెలాక్సీ మసక మచ్చ. కానీ ఆ మచ్చ వెలుగు బయల్దేరి దాదాపు 25 లక్షల ఏళ్లయింది, అది ఏ తెరా మధ్యలో లేకుండా మీ కంట్లోకే వచ్చి పడుతోంది. ఇది ముందే తెలిసి చూసినవాళ్లు నిరాశపడరు.

గ్రహాల్లో మాత్రం కొంత రంగు తెలుస్తుంది. కుజుడి నారింజ ఛాయ, గురుడి గోధుమ పట్టీలు కనిపిస్తాయి. స్వాతి, జ్యేష్ఠ లాంటి నక్షత్రాల రంగు కూడా చక్కగా తెలుస్తుంది.

## గొట్టం చూసేటప్పుడు

పెట్టె మీద ‘525 రెట్లు’ అని ఉంది. మంచిదేనా?

అక్కడే వదిలేయండి. ఎన్ని రెట్లు అనేది చాలా సులువైన లెక్క. టెలిస్కోప్ ఫోకల్ లెంత్‌ను (లెన్స్ లేదా అద్దం నుంచి బొమ్మ పడే చోటుకు ఉన్న దూరం) ఐపీస్ (కన్ను పెట్టి చూసే చిన్న లెన్స్) ఫోకల్ లెంత్‌తో భాగించాలి. 700 మిల్లీమీటర్ల గొట్టానికి 4 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 175 రెట్లు. దానికి మూడు రెట్ల బార్లో (బొమ్మను ఇంకా పెద్దది చేసే అదనపు లెన్స్) తగిలిస్తే 525 అవుతుంది. లెక్క తప్పు కాదు, కానీ కనిపించేది మసక ముద్ద. గొట్టం ముందు వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపే గరిష్ఠంగా పనికొచ్చే రెట్లు. 70 మిల్లీమీటర్ల టెలిస్కోప్‌కు అది 140. గాలి నిలకడగా లేని రాత్రుల్లో అంత కూడా రాదు.

1610లో గెలీలియో గురుడి నాలుగు ఉపగ్రహాలను కనిపెట్టింది దాదాపు 20 రెట్లు పెద్దగా చూపే గొట్టంతోనే.

మరి దేన్ని చూసి కొనాలి? అపర్చర్ ఎంత ఉండాలి?

అపర్చర్ అంటే ముందు లెన్స్ లేదా లోపలి అద్దం వెడల్పు. టెలిస్కోప్ పని వెలుగు పట్టడం, అది వెడల్పు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 70తో పోలిస్తే 130 మిల్లీమీటర్ల అద్దం దాదాపు మూడున్నర రెట్లు వెలుగు పడుతుంది. 150 అయితే నాలుగున్నర రెట్లు.

70 మిల్లీమీటర్ల దాంట్లో చంద్రుడు, శని వలయం, గురుడి రెండు ముఖ్యమైన పట్టీలు కనిపిస్తాయి. 114 నుంచి 130 దగ్గర నెబ్యులాలు, నక్షత్ర గుచ్ఛాలు చూడాలనిపించేలా కనిపించడం మొదలవుతుంది. 150కి వస్తే ఏళ్ల తరబడి విసుగు రాదు. 200 ఇంకా బాగుంటుంది, కానీ బరువు కూడా అలాగే ఉంటుంది. మెట్లెక్కి డాబా మీదికి మోయాల్సింది మీరే. లిఫ్ట్ లేని ఇంట్లో మూడో అంతస్తులో ఉండేవాళ్లకు నేను 200 చెప్పను.

లెన్స్‌ది తీసుకోవాలా, అద్దందా?

లెన్స్‌తో పనిచేసేది రిఫ్రాక్టర్, అద్దంతో పనిచేసేది రిఫ్లెక్టర్. రిఫ్రాక్టర్‌కు సర్దుబాట్లు తక్కువ, తీసి పెట్టగానే సిద్ధం. ధర తక్కువ ఉన్నవాటిలో ప్రకాశమైన వస్తువుల చుట్టూ ఊదారంగు అంచు కనిపిస్తుంది. ఫోకల్ లెంత్ పొడుగ్గా ఉంటే, ఉదాహరణకు 70/700 లేదా 90/900లో (మొదటి అంకె అపర్చర్, రెండోది ఫోకల్ లెంత్), అది ఇబ్బంది పెట్టదు. రిఫ్లెక్టర్‌లో అదే డబ్బుకు పెద్ద అపర్చర్ వస్తుంది, బదులుగా అప్పుడప్పుడు అద్దాలు సరిచూసుకోవాలి.

పెద్ద సైజులకు లెన్స్ చేయడం ఎంత కష్టమో మన రాష్ట్రంలోనే చూడొచ్చు. హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ పాత రిఫ్రాక్టర్ 15 అంగుళాలది. 1968లో జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టింది 48 అంగుళాల రిఫ్లెక్టర్.

గొట్టం అర మీటరే ఉంది, ఫోకల్ లెంత్ మాత్రం 1000 అంటున్నారు. ఎలా సాధ్యం?

అద్దం టెలిస్కోప్‌లో గొట్టం పొడవు ఇంచుమించు ఫోకల్ లెంత్ అంత ఉండాలి. 114/1000, 127/1000 అని రాసి పొట్టి గొట్టం ఉంటే, ఐపీస్ పెట్టే గొట్టంలో ఒక చిన్న లెన్స్ దాచి ఫోకల్ లెంత్‌ను సాగదీశారని అర్థం. దీన్ని బర్డ్-జోన్స్ పద్ధతి అంటారు. జాగ్రత్తగా చేస్తే పనిచేస్తుంది, కానీ తక్కువ ధరకు చేసినవాటిలో బొమ్మ పదునుగా ఉండదు, అద్దాలు సరిచేయడం కొత్తవాళ్ల వల్ల కాదు. వద్దనే చెప్తాను. అదే సైజులో 130/650 అని ఉంటే ఆ అంకెలకూ గొట్టం పొడవుకూ పొంతన కుదురుతుంది.

## మౌంట్ గురించి

స్టాండే కదా, దానికి ఇంత పట్టింపు ఎందుకు?

వంద రెట్లు పెద్దగా చూస్తున్నప్పుడు ప్రతి చిన్న కదలికా వంద రెట్లు అవుతుంది. ఫోకస్ తిప్పడానికి వేలు తగిలితే చాలు, సన్నని ట్రైపాడ్ మీద శని అటూ ఇటూ ఊగుతూనే ఉంటాడు. ఊగడం ఆగేసరికి చూపులోంచే జారిపోతాడు. టెలిస్కోప్ కొని అటక మీద పెట్టేసినవాళ్లను కారణం అడిగితే ఎక్కువమంది చెప్పేది ఇదే. వాళ్ల గొట్టంలో లోపం ఉండదు. లోపమంతా దాన్ని మోసే కాళ్లలో ఉంటుంది.

అందుకే ఒకే ధరకు 90 మిల్లీమీటర్ల గొట్టం ఊగే కాళ్లతో, 70 మిల్లీమీటర్ల గొట్టం గట్టి కాళ్లతో దొరికితే రెండోదే తీసుకోండి. గట్టి మౌంట్ మీద చిన్న టెలిస్కోప్ తన శక్తి అంతా చూపిస్తుంది.

డాబ్సోనియన్ అనే పేరు ఎక్కువగా వింటున్నాం. అదేమిటి?

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో దారినపోయేవాళ్లకు ఆకాశం చూపించిన జాన్ డాబ్సన్ పేరు మీద వచ్చిన మౌంట్ ఇది. చెక్క పెట్టె, అడుగున గుండ్రంగా తిరిగే బల్ల. ట్రైపాడ్ ఉండదు. గొట్టాన్ని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ తోస్తే చాలు. ఖర్చంతా అద్దం మీదికే పోతుంది, ఊగడం దాదాపు ఉండదు. స్థలం, మోసే ఓపిక ఉన్నవాళ్లకు నా మొదటి సలహా 150 మిల్లీమీటర్ల డాబ్సోనియన్. సాధారణంగా దాని ఫోకల్ లెంత్ 1200 ఉంటుంది. 25 మిల్లీమీటర్ల ఐపీస్‌తో 48 రెట్లు, 10 మిల్లీమీటర్లతో 120 రెట్లు.

మొత్తం బరువు పదిహేను కిలోలు దాటుతుంది. గొట్టం వేరుగా, పెట్టె వేరుగా రెండు విడతల్లో మోయొచ్చు. కారు వెనక సీటులో పడుతుంది. బైక్ మీద తీసుకుపోవడం కుదరదు.

టేబుల్ మీద పెట్టుకునే చిన్న డాబ్సోనియన్ ఎలా ఉంటుంది?

114, 130 మిల్లీమీటర్ల సైజుల్లో వస్తుంది. తేలిక, అల్మారాలో పడుతుంది, బస్సులో ఊరికి కూడా తీసుకుపోవచ్చు. మన వైపు అపార్ట్‌మెంట్లలో ఉండి పండగలకు సొంత ఊరికి పోయేవాళ్లకు దీన్ని మించింది లేదు. దాన్ని దేని మీద పెడతారన్నదే ముఖ్యం. ప్లాస్టిక్ స్టూలు మీద పెడితే ఊగుతుంది. పాత చెక్క పీట, వాటర్ ట్యాంక్ పక్కన ఉండే సిమెంటు దిమ్మె, బావి గట్టు దగ్గరి బండ, ఇవైతే గట్టిగా ఉంటాయి. డాబా పిట్టగోడ మీద మాత్రం పెట్టకండి, చేయి తగిలితే కింద పడేది టెలిస్కోప్ ఒక్కటే కాకపోవచ్చు.

ఈక్వటోరియల్ మౌంటే అసలైన మౌంట్ అంటున్నారు. నాకు కావాలా?

కేవలం కంటితో చూసేవాళ్లకు అవసరం లేదు. ఇది వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన అక్షాంశంలో దీనికి ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి.

భూమి తిరుగుతుంది కాబట్టి ఆకాశం మొత్తం ధ్రువ నక్షత్రం చుట్టూ తిరిగినట్టు కనిపిస్తుంది. ఈక్వటోరియల్ మౌంట్‌లో ఒక ఇరుసును ధ్రువం వైపు గురిపెడతారు. ఇక ఆ ఒక్క ఇరుసును మెల్లగా తిప్పుతుంటే గ్రహం చూపులోనే నిలబడుతుంది. మోటారు పెడితే తనంతట తానే తిరుగుతుంది. ఆలోచన గొప్పది.

వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అంటే ధ్రువ నక్షత్రం ఉత్తర దిగంతానికి 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చేయి చాచి పిడికిలి పెడితే ఒక్క పిడికిలి పది డిగ్రీలు, కాబట్టి రెండు పిడికిళ్ల ఎత్తు కూడా లేదు. పక్కింటి మేడ, వేపచెట్టు, దుమ్ము, ఏదో ఒకటి దాన్ని కప్పేస్తుంది. ఈ మౌంట్లలో చాలావాటిని ఎక్కువ అక్షాంశాల దేశాలను దృష్టిలో పెట్టుకుని చేస్తారు. ఇరుసును 18 డిగ్రీలకు వంచితే కొన్నింట్లో బరువు కడ్డీ ట్రైపాడ్ కాలికి తగులుతుంది, కొన్ని అంత కిందికి వంగనే వంగవు. కొనేముందు అక్షాంశం స్కేలు 18కి దిగుతుందో లేదో అడిగి తెలుసుకోండి.

ఇంకొకటి. అద్దం టెలిస్కోప్‌ను ఈ మౌంట్ మీద పెడితే, దిక్కు మార్చినప్పుడల్లా ఐపీస్ ఎక్కడికో తిరిగిపోతుంది. పిల్లలకు చూపించడానికి ప్రతిసారీ గొట్టాన్ని తిప్పి బిగించాలి. తక్కువ ధరకు గొట్టంతో పాటు ఇచ్చే ఈక్వటోరియల్ మౌంట్లు పెద్ద గొట్టాల బరువుకు తట్టుకోవు కూడా.

ఇప్పటికే మీ దగ్గర ఉంటే బాధపడకండి. కంటితో చూడటానికి స్కేలు 18 మీద పెట్టి, దిక్సూచితో ఇరుసును ఉత్తరానికి తిప్పితే చాలు. మన దగ్గర దిక్సూచి ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా స్వల్పం.

గోటూ (అడిగిన వస్తువు వైపు మోటార్లతో తనంతట తానే తిరిగే మౌంట్) ఉంటే అన్నీ అదే చూపిస్తుంది కదా?

చూపిస్తుంది. ముందు రెండు మూడు నక్షత్రాలను మీరే దానికి గురిపెట్టి చూపాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, ట్రైపాడ్ సమంగా ఉండాలి. అదే డబ్బులో సగం మోటార్లకు పోతుంది కాబట్టి అపర్చర్ తగ్గుతుంది. ఊరి వెలుగులోనే ఎక్కువగా చూసేవాళ్లకు, దారి చూపే నక్షత్రాలే కనపడవు కాబట్టి, గోటూ నిజంగా ఉపయోగమే. చీకటి పల్లెకు పోగలిగేవాళ్లు ఆ డబ్బు అద్దం మీద పెట్టండి.

షాపులో మౌంట్ గట్టిదో కాదో ఎలా తెలుస్తుంది?

కాళ్లు పూర్తిగా బయటికి లాగకుండా, గొట్టం పెట్టించండి. దూరంగా ఉన్న సెల్ టవర్‌నో బోర్డునో ఎక్కువ రెట్లలో చూస్తూ గొట్టం మీద వేలితో తట్టండి. రెండు మూడు సెకన్లలో బొమ్మ నిలబడితే బాగున్నట్టు. అయిదారు సెకన్లు ఊగుతుంటే వద్దు. తర్వాత గొట్టం నోరు పైకి తిప్పి చేయి తీయండి. వదిలిన చోటే ఆగాలి, మెల్లగా కిందికి జారకూడదు.

ఆన్‌లైన్‌లో కొంటే వస్తువు వచ్చిన రోజే ఈ పరీక్ష చేయండి, వాపసు గడువు దాటకముందే. ట్రైపాడ్ మధ్య ట్రేలో బరువు పెడితే ఊగడం కొంత తగ్గుతుంది. ఇసుక నింపిన సంచి వేలాడదీసినా పనిచేస్తుంది.

## డబ్బు లెక్కలు

ముప్పై వేల లోపు ఏది కొనమంటారు?

114 లేదా 130 మిల్లీమీటర్ల టేబుల్ డాబ్సోనియన్. అది దొరక్కపోతే గట్టి ఆల్ట్-అజిమత్ మౌంట్ (పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ తిరిగేది) మీద 70/700 లేదా 90/900 రిఫ్రాక్టర్. ధరలు మారుతుంటాయి, స్కైవాచర్, సెలెస్ట్రాన్ లాంటి బ్రాండ్లలో ఒకే సైజుకు రెండు మూడు మౌంట్లు ఉంటాయి, మోడల్ పేరు చివర అక్షరం దాకా చూసుకోండి. మొత్తం డబ్బు ఒకేసారి ఖర్చు పెట్టకండి. ఒక మంచి ఐపీస్‌కు కొంత మిగుల్చుకోండి. పెట్టెలో వచ్చే వాటిలో 25 మిల్లీమీటర్లది తరచుగా పనికొస్తుంది, 4 మిల్లీమీటర్లది దాదాపు ఎప్పుడూ పనికిరాదు.

సెకండ్ హ్యాండ్ కొనొచ్చా?

నిస్సంకోచంగా. టెలిస్కోప్ త్వరగా పాడయ్యే వస్తువు కాదు. టార్చి వేసి లెన్స్ లోపల సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో చూడండి. అద్దం మీద కొంచెం దుమ్ము ఉన్నా పర్వాలేదు, పూత లేచిపోయి మచ్చలు పడితే వద్దు. ఐపీస్ గొట్టం 1.25 అంగుళాలదై ఉండాలి. పాత 0.965 అంగుళాల వాటికి మంచి ఐపీస్‌లు దొరకడం కష్టం.

మా పాపకు తొమ్మిదేళ్లు. బొమ్మల షాపులో రెండు వేలకు ఉంది, ముందు అది కొనివ్వనా?

వద్దండి. అందులో ఏమీ సరిగ్గా కనపడక పాపకు ఆకాశం మీదే ఇష్టం పోతుంది. ఆ రెండు వేలు ఉంచి, కొంత కలిపి బైనాక్యులర్ కొనండి. తెలిసినవాళ్ల దగ్గర ఒకసారి శని వలయం చూపించండి. పాప మళ్లీ మళ్లీ అడిగితే అప్పుడు టేబుల్ డాబ్సోనియన్ గురించి ఆలోచించొచ్చు. తొమ్మిదేళ్ల పిల్లలు దాన్ని తామే తిప్పుకోగలరు.

## మొదటి రాత్రులు

ఎటు తిప్పినా నల్లగానే ఉంది. పాడైందా?

చాలావరకు ఫైండర్ (గురిపెట్టడానికి పెద్ద గొట్టం మీద బిగించే చిన్న గొట్టం) సరిపోల్చకపోవడమే కారణం. పగలే ఈ పని చేయండి. కిలోమీటరు దూరంలో ఉన్న సెల్ టవర్ కొనను 25 మిల్లీమీటర్ల ఐపీస్‌లో మధ్యకు తెచ్చి, గొట్టాన్ని కదపకుండా ఫైండర్ మరలు తిప్పుతూ అందులో కూడా అదే కొన మధ్యకు వచ్చేలా చేయండి. ముందు మూత పూర్తిగా తీశారో లేదో చూడండి, కొన్ని మూతల్లో మధ్యలో చిన్న మూత వేరుగా ఉంటుంది. ఎప్పుడూ ఎక్కువ మిల్లీమీటర్ల ఐపీస్‌తోనే మొదలుపెట్టాలి.

మొదట ఏం చూడాలి?

శుక్ల పక్షం పంచమి నుంచి దశమి మధ్య చంద్రుడు. పౌర్ణమి చంద్రుడి మీద నీడలుండవు, అంతా చదునుగా, కళ్లు చెదిరేలా ఉంటుంది. సప్తమి, అష్టమి నాడు వెలుగు చీకటి కలిసే గీత వెంట కొండలు, గుంతలు లేచి నిలబడినట్టు కనిపిస్తాయి. నెబ్యులాల కోసమైతే అమావాస్యకు అటూ ఇటూ రోజులు.

సప్తర్షి మండలంలో పెళ్లిలో చూపించే అరుంధతీ వశిష్ఠులను తప్పకుండా చూడండి. కంటికి ఆ ఇద్దరే. టెలిస్కోప్ పెడితే వశిష్ఠుడు ఒక్కడే మళ్లీ రెండు నక్షత్రాలుగా విడిపోతాడు. ఇంట్లో పెద్దవాళ్లకు ఇది చూపించండి.

దక్షిణ ఆకాశం మనకు దొరికిన వరం. లండన్‌లో ఉండేవాళ్లకు ఎన్నడూ కనపడని ఒమేగా సెంటారీ గుచ్ఛం ఇక్కడ దక్షిణ దిక్కున దాదాపు 24 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. మే మధ్యలో రాత్రి పది గంటల ప్రాంతంలో, దక్షిణం వైపు చెట్లు లేని చోట చూడండి. లక్షల నక్షత్రాలు ఒక్కచోట కుప్పపోసిన పిండిలా ఉంటాయి. ఫిబ్రవరి రాత్రుల్లో అగస్త్య నక్షత్రం కూడా అటే.

శని వలయం గీతలా సన్నగా ఉంది. నా టెలిస్కోప్ లోపమా?

కాదు. 2025 మార్చిలో వలయం అంచు మన వైపు తిరిగింది, ఆ తర్వాత కొంతకాలం సన్నగానే ఉంటుంది. ఏటేటా విప్పుకుంటూ 2032 ప్రాంతంలో బాగా వెడల్పుగా కనిపిస్తుంది.

చూస్తుండగానే గ్రహం పక్కకు జారిపోతోంది ఎందుకు?

భూమి తిరుగుతోంది కాబట్టి. వంద రెట్ల దగ్గర చూపులో ఒక వస్తువు రెండు నిమిషాలే ఉంటుంది. దాన్ని ఒక అంచున పెట్టి వదలండి, మెల్లగా ఇవతలి నుంచి అవతలికి జరుగుతుంటే చూడండి. గొట్టం తోయడం నాలుగు రోజుల్లో చేతికి అలవాటైపోతుంది.

గురుడు నీళ్లలో ఉన్నట్టు అల్లాడుతున్నాడు. ఫోకస్ ఎంత తిప్పినా కుదరట్లేదు.

గాలి కదలిక అది. మన వేసవిలో స్లాబు పగలంతా ఎండ పీల్చుకుని రాత్రి పది దాకా వేడి వదులుతుంది, ఆ వేడిగాలి మీ చూపుకు అడ్డంగా లేస్తుంది. సాయంత్రం నీళ్లు చల్లితే కొంత నయం. అర్ధరాత్రి దాటాక ఇంకా నయం. మట్టి నేల, గడ్డి నేల ఉన్న చోట ఈ బాధ తక్కువ. టెలిస్కోప్‌ను కూడా అరగంట ముందే బయట పెట్టి గాలికి చల్లబడనివ్వాలి. ఏసీ గదిలోంచి నేరుగా తెస్తే అద్దం మీద చెమ్మ పడుతుంది.

సూర్యుణ్ణి చూడొచ్చా?

గొట్టం ముందు భాగాన్ని పూర్తిగా కప్పే, సూర్యుడి కోసమే చేసిన ఫిల్టర్ లేకుండా ఎప్పుడూ చూడకూడదు. ఒక్క క్షణం చాలు, చూపు శాశ్వతంగా పోతుంది. ఐపీస్‌కు బిగించే చిన్న ‘సన్ ఫిల్టర్’ పెట్టెలో వస్తే వెంటనే పగలగొట్టి పారేయండి, వేడికి అది చూస్తుండగానే చిట్లుతుంది. ఎక్స్‌రే ఫిల్ములు, వెల్డింగ్ కోసం వాడే పాత అద్దాలు టెలిస్కోప్‌కు పనికిరావు. పగలు టెలిస్కోప్ బయట ఉన్నంతసేపూ పిల్లలను ఒంటరిగా వదలకండి. ఫైండర్‌కు కూడా మూత ఉండాలి.

ఫోన్‌తో ఫొటోలు తీయొచ్చా?

చంద్రుడివి అద్భుతంగా వస్తాయి. ఐపీస్‌కు ఫోన్‌ను పట్టి ఉంచే అడాప్టర్ కొనండి, చేత్తో పట్టుకుంటే కుదరదు. గ్రహాలకు వీడియో తీయడం మేలు. నెబ్యులాల ఫొటోలు వేరే ప్రపంచం. దానికి మోటారున్న మంచి ఈక్వటోరియల్ మౌంట్ కావాలి, అది గొట్టం కంటే ఖరీదు. మొదటి ఏడాది దాని జోలికి పోకండి.

నాకు కళ్లద్దాలున్నాయి. తీసి చూడాలా?

దూరదృష్టి, హ్రస్వదృష్టి మాత్రమే ఉంటే తీసేసి ఫోకస్ తిప్పుకోవచ్చు. సిలిండర్ పవర్ ఎక్కువ ఉంటే పెట్టుకునే చూడండి.

## జాగ్రత్త చేయడం

అద్దం మీద దుమ్ము పడింది. బట్టతో తుడవనా?

తుడవకండి. క్వారీల దుమ్ము, బొగ్గు దుమ్ము గీతలు పెడతాయి. కరీంనగర్, గోదావరిఖని వైపు వాళ్లకు ఇది మరీ ముఖ్యం. చేత్తో నొక్కే గాలి బ్లోయర్‌తో ఊదండి. కొంత దుమ్ము ఉన్నా బొమ్మలో తేడా తెలియదు. వాడనప్పుడు మూతలు పెట్టి, గొట్టాన్ని నోరు కిందికి ఉండేలా ఉంచితే దుమ్మే పడదు.

కొలిమేషన్ అంటే భయంగా ఉంది. ఎంత తరచుగా చేయాలి?

అద్దం టెలిస్కోప్‌లో రెండు అద్దాలూ ఒకే గీతలో ఉండేలా మరలు తిప్పడమే కొలిమేషన్. రోడ్డు మీద ప్రయాణం చేయించిన ప్రతిసారీ ఒకసారి చూసుకుంటే చాలు. ప్రకాశమైన నక్షత్రాన్ని మధ్యలో పెట్టి ఫోకస్ కొంచెం తప్పించండి. ఒకదాంట్లో ఒకటి ఉన్న గుండ్రటి వలయాలు కనిపిస్తే సరిగ్గా ఉన్నట్టు. ఒక పక్కకు వాలి ఉంటే వెనక అద్దం మరలు కొద్దికొద్దిగా తిప్పాలి. మధ్యలో చిన్న రంధ్రం ఉన్న కొలిమేషన్ క్యాప్ ఒకటి ఉంటే పగలే చేసుకోవచ్చు.

చలికాలంలో లెన్స్ మీద మంచు పడి మసకవుతోంది.

చెరువుల పక్కన, పొలాల్లో డిసెంబర్, జనవరి రాత్రుల్లో ఇది తప్పదు. గొట్టం చివర చుట్టూ యోగా మ్యాట్ ముక్కనో నల్లటి ఫోమ్ షీటునో గొట్టంలా చుట్టి ముందుకు పొడిగిస్తే గంటల తరబడి ఆగుతుంది. తడిసిన లెన్స్‌ను తుడవకండి, మూత పెట్టకండి. ఇంట్లో తెరిచి ఉంచి ఆరిన తర్వాతే మూత పెట్టాలి.

వానాకాలం నాలుగు నెలలు ఎలా దాచాలి?

సంచిలో బిగించి అల్మారాలో పెడితే ఫంగస్ పట్టేది అప్పుడే. ఐపీస్‌లను గాలి చొరబడని స్టీలు డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో పెట్టండి. జెల్ రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడొచ్చు. గొట్టాన్ని గాలి ఆడే గదిలో, గోడకు ఆనించకుండా ఉంచండి. నెలకోసారి మబ్బు విడిచిన రాత్రి బయటికి తీసి, అరగంట చూసి, ఆరబెట్టి పెట్టేయండి. ఆగస్టులో మబ్బుల మధ్య అలాంటి రాత్రి దొరికితే శ్రవణం నుంచి మూల దాకా పాలపుంత వెంట గొట్టాన్ని మెల్లగా జరుపుతూ పోండి. 25 మిల్లీమీటర్ల ఐపీస్ చాలు.